కాకా పోసిన నూనె

నా చిన్నప్పుడు ఆదిలాబాదు వైపు మోటారు సైకిల్‌ని ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. ఫట్‌ఫటీ అనేవాళ్ళు. మా ఊరికంతటికీ ఒకటే ఫట్‌ఫటీ, అది మా బాపుది. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటారు. బాపు అడవిలోని గూడేలకు తిరిగి మశూచి టీకాలు వేసేవాడు. జీపు పోలేని చోటికీ, ఎడ్లబండి వెనక్కి తిరిగే చోటికీ ఆ బండి పోయేది. గుట్టలెక్కేది, వాగులో సగం మునిగి అవతలి ఒడ్డున తేలేది. సాయంత్రం అది ఊళ్ళోకి వస్తుంటే ముందు చప్పుడు వచ్చేది, తర్వాత బాపు, ఆ వెనక నీలం పొగ.

బాపు వెనక సీటు మీద మందు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కాకా కూర్చునేవాడు. ఆయన మాకు చుట్టం కాదు. పెన్‌గంగ నదికి అవతలి నుంచి వచ్చి పత్తి మిల్లులో పనిచేస్తూ, ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుని మానేసినవాడు. బాపే తన వెంట పెట్టుకున్నాడు. తెలుగు, మరాఠీ, గోండి మూడూ కలిపి మాట్లాడేవాడు. టీకా సూది చూసి చేన్లలోకి పరుగెత్తే పిల్లలు కాకా గొంతు వింటే ఆగేవాళ్ళట. బాపు ఆ మాట ఎంతమందికో గర్వంగా చెప్పేవాడు. పెట్టె మోయడం, బండి తుడవడం, పెట్రోలు పొయ్యడం కాకా పనులు.

నాకు అప్పట్లో ప్రశ్నల పిచ్చి. "నీ నోట్ల గూడ మోటరున్నదే, బందు పెట్టు జర" అని మా అవ్వ విసుక్కునేది. కాకా మాత్రం విసుక్కునేవాడు కాదు. ఆ బండికి ఇంజన్ నూనెను పెట్రోల్లోనే కలిపి పోసేవాళ్ళు. డబ్బాలో రెండూ పోసి, మూత బిగించి, చంటిపిల్లను ఊపినట్టు ఊపి అప్పుడు ట్యాంకులోకి వంచేవాడు కాకా. ఎందుకని అడిగాను. "అన్నంల నెయ్యి లేకుంటే నీకు ముద్ద దిగుతదా బిడ్డా? దీనికీ అంతే" అన్నాడు. నాకు వెంటనే అర్థమైపోయింది. తర్వాత ఎందరో ఇంజినీర్లు చెప్పగా విన్నాను గానీ ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

ఒక చలికాలం బండి ఎడ్లబండి ఎక్కి ఇంటికి వచ్చింది. ఘాటు రోడ్డు ఎక్కుతుండగా ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకుపోయి, వెనక చక్రం ఈడ్చుకుపోయి, ఇద్దరూ రాళ్ళ మీద పడ్డారు. బాపు మోచేతులు గీరుకుపోయాయి. కాకా మందు పెట్టెను మాత్రం వదలకుండా పట్టుకున్నాడు. బండిని పడుకోబెట్టి తేవాలి కాబట్టి బాపు అక్కడే ట్యాంకు కొళాయి తిప్పి పెట్రోలు సీసాలోకి దించాడట. నూనె కలిస్తే పెట్రోలుకు రంగు తిరుగుతుంది. అది నీళ్ళలా తెల్లగా ఉంది.

ఇంటి ముందు ఇద్దరి మధ్యా జరిగిన మాటలు నేను గుమ్మంలో నిలబడి విన్నాను. కాకా చెప్పింది ఇది. వాగు దాటేటప్పుడు సంచిలో ఇంజన్ నూనె సీసా పగిలిపోయింది. మర్నాడు పొద్దున బాపు గూడెంలో టీకాలు వేస్తుండగా, ఆలస్యమవుతుందని, ఒక ముసలమ్మ దగ్గర ఇప్పనూనె అడిగి తీసుకుని, ఎప్పటి కొలతే ట్యాంకులో వేశాడు. ఇప్పగింజల నుంచి తీసే ఆ నూనెతోనే గూడేల్లో దీపాలు వెలిగించేవాళ్ళు, ఎడ్లబండి ఇరుసులకు రాసేవాళ్ళు. ఇరుసుకు పనికొచ్చింది ఇంజన్‌కు పనికిరాదా అనుకున్నాడు కాకా.

బాపు పెట్రోలు సీసా ఎత్తి చూపించాడు. "పోస్తే ఇందుల కనబడాలె గదా? ఏది?"

"పోసిన సాబ్. నా చేతులతోని ఏసిన."

"సీసా పగలలే. నూనె అమ్ముకున్నవ్. ఇగ రేపటి సంది రాకు."

కాకా మందు పెట్టెను మా అరుగు మీద పెట్టి, పైన తన తువ్వాలుతో దుమ్ము తుడిచి, అదే తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. బాపు కూడా ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. దొంగ అని తేలినవాడి మీద కోపం రావాలి గానీ దిగులెందుకని అవ్వను అడిగాను. అవ్వ బాపు కంచం మీద మూత పెట్టింది.

మా చిన్న మామ, అంటే అవ్వ తమ్ముడు, బెల్లంపల్లి బొగ్గుబావుల్లో ఫిట్టరు. కబురు అందగానే సెలవు పెట్టి సామాన్ల సంచీతో దిగాడు. ఆయన పని మొదలుపెట్టే తీరు చూస్తే ఇల్లాలు పండక్కి వంట మొదలుపెట్టినట్టుండేది. అరుగు మీద తెల్లటి ధోవతి ముక్క పరిచాడు. దాని మీద దేని చోటు దానిదే. విప్పిన ప్రతి మరనూ విప్పిన వరసలోనే పెట్టించాడు, నా చేత. స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి కిరసనాయిలు పోసి, "తాగనీ, నాననీ" అని చాయ తాగడానికి పోయాడు. అది నానాక ఇంజన్ తల విప్పి, సిలిండర్‌ను చెక్కముక్కతో అటూ ఇటూ తట్టి, బుజ్జగించి పైకి లాగాడు. లోపలి నుంచి గుప్పెడంత పిస్టన్ బయటపడింది. అంత పెద్ద చప్పుడు చేసేది ఇంత చిన్న వస్తువా అని నేను నోరు తెరిచాను.

మామ దాన్ని నా చేతిలో పెట్టాడు. "ఏమనుకుంటున్నవో చెప్పకు. ఏం కనబడుతున్నదో చెప్పు" అన్నాడు.

చెప్పాను. పక్కన నిలువు గీతలున్నాయి, పిల్లి గోళ్ళతో గీరినట్టు. ఒక రింగు గాడిలో కూరుకుపోయి కదలడం లేదు. వేలికి జిడ్డు అంటడం లేదు, పొడిగా ఉంది.

"ఎండిపోయిన గొంతు" అన్నాడు మామ. "నూనె అందలే దీనికి."

కుర్చీలో కూర్చున్న బాపు, "నేనదే అన్న గదా" అన్నాడు. ఆ గొంతులో గెలిచిన సంతోషమేమీ లేదు.

నా నోట్లో మోటారు ఊరుకుంటుందా? "మరి కాకా పోసిన్నంటుండు గదా మామా. పోసిన నూనె ఏడికి పోయింది?"

"అంగడికి పోయింది" అన్నాడు బాపు.

మామ నవ్వలేదు. పిస్టన్‌ను ధోవతి మీద పెట్టి కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఆయన అన్న మాట ఇప్పటికీ ఆ అరుగు మీదే కూర్చుని వింటున్నట్టుంటుంది. "బావా, ఇంజను అబద్ధం చెప్పది. కాకా గూడ చెప్పలేదనుకుందాం జరసేపు. రెండూ నిజమే అనుకుంటే ఇగ ఏడ చూడాలె మనం?"

అలా అనుకోవచ్చని నాకు అంతవరకూ తెలియదు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఒకరు అబద్ధమాడినట్టే అనుకునేదాన్ని. బాపు మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ, కాదనలేదు.

మామ ట్యాంకును ఊడదీసి తెచ్చాడు. అది బండి నడుము మీద గుర్రం జీనులా కూర్చుంటుంది. రెండు పక్కలా రెండు సంచుల్లా దిగి ఉంటుంది. కొళాయి మాత్రం ఒక పక్కనే. మామ చెయ్యి మూతిలో పట్టలేదు. "నీ చెయ్యి పెట్టు బిడ్డా" అన్నాడు. గాజులు తీసి చెయ్యి దూర్చాను. కొళాయి ఉన్న పక్క చల్లటి రేకు తప్ప ఏమీ తగల్లేదు. రెండో పక్కకు వేళ్ళు వంచాను. మెత్తగా, జారుడుగా ఏదో తగిలింది. భయమేసి చెయ్యి లాగేసుకున్నాను. గోళ్ళ నిండా లేత పసుపు కలిసిన తెల్లటి ముద్ద.

"వెన్నపూస లెక్కున్నది మామా!"

మామ వాసన చూశాడు. అవ్వను పిలిచాడు. అవ్వ ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇప్పనూనె" అంది. చలికాలం పొద్దున మా ఇంట్లో కొబ్బరినూనె సీసా ఎండలో పెడితే గానీ తలకు నూనె ఉండేది కాదు. ఇప్పనూనెదీ అదే గుణం, ఇంకా తొందరగా గడ్డకడుతుంది. గూడెంలో చలికి అది కుండలోనే పేరుకుని ఉంది. కాకా దాన్ని వేళ్ళతో తీసి మూతిలోంచి వేశాడు. అప్పటికే ట్యాంకులో పెట్రోలు ఉంది కాబట్టి ఎప్పటిలా డబ్బాలో ఊపి కలపలేదు. బండి వంగి నిలబడిన పక్కకు ముద్దంతా జారి అక్కడే పడుకుంది. అవతలి పక్క కొళాయిలోంచి వట్టి పెట్రోలు ఇంజన్‌లోకి పోయింది. కొంచెం కరిగి కలిసిందేమో గానీ ఘాటెక్కే ఇంజన్‌కు అది ఏ మూలకు?

మామ ఆ ముద్దను ఆకులో తీసి బాపు ముందు పెట్టాడు. బాపు దాన్ని వేలితో తాకి చూశాడు. ఎండ తగిలి ఆకు మీద అది కరగడం మొదలుపెట్టింది.

మిగతా పని నాకు పండగే. కూరుకుపోయిన రింగు ఊడదీసేటప్పుడు విరిగిపోతే, ఆ ముక్కతోనే గాడిలోని మసి గీకించాడు మామ. పొగ పోయే దారిలో పేరుకున్న బొగ్గును మాత్రం వెదురు పుల్లతో తీయమన్నాడు, ఇనుము పెడితే గోడకు గీత పడుతుందట. పిస్టన్ గీతలను నూనెలో ముంచిన గరుకు కాగితంతో, బిడ్డ వీపు రుద్దినంత మెల్లగా రుద్దాడు. అతుకులోంచి గాలి పోకుండా వేసే దళసరి అట్టను సిలిండర్ అంచు మీద పెట్టి చిన్న సుత్తితో తడుతూ పోతే, కత్తెర లేకుండానే దాని ఆకారం తెగి వచ్చింది. కొత్త రింగులు నాగపూరు నుంచి వచ్చాయి. బిగించాక కిక్కు కొడితే ఒకటి రెండుసార్లు దగ్గి, తర్వాత నీలం పొగ వదిలింది. వాడంతా వచ్చి చూసింది. నేను ఎగిరి గంతులేశాను. బాపు మాత్రం లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని వచ్చి, "నడువు, కాకా ఇంటికి పోదాం" అన్నాడు నాతో.

బండి మీద పోలేదు. నడిచే వెళ్ళాం. కాకా పత్తి జిన్నింగు మిల్లు వెనక రేకుల ఇంట్లో ఉండేవాడు. మళ్ళీ మిల్లు పనిలోకే వెళ్తున్నాడని చూడగానే తెలిసింది. మీసాల మీద, కనుబొమల మీద దూది నూగు. దగ్గుతున్నాడు. బాపు గడపలోనే నిలబడి, నూనె ఎక్కడ దొరికిందో మొత్తం చెప్పాడు. "తప్పు నాది కాకా. తొందరపడ్డ. రేపటి సంది రా" అన్నాడు. మా బాపు ఒకరి ముందు ఆ మాట అనగా నేను అంతకుముందు వినలేదు. ఎంతో పెద్దవాడిలా కనిపించాడు నాకు.

కాకా ముందు బండి సంగతి అడిగాడు. ఇప్పనూనె సంగతి తెలియక చేశానని, బండి పాడైంది తన వల్లే కదా అని నొచ్చుకున్నాడు. నాకు బెల్లం ముక్క తెచ్చి ఇచ్చాడు. అంతా సర్దుకుందని నేను అనుకుంటుండగా మెల్లగా అడిగాడు.

"నూనె దొరికింది, మంచిదాయె సాబ్. దొరకకుంటే?"

కాకా కోపంగా అడగలేదు. నేను రోజూ ఆయన్ని అడిగే ప్రశ్నల్లాగే, నిజంగా జవాబు తెలుసుకోవాలని అడిగాడు. ఇంటికి నడిచే దారిలో నేను మొదటిసారి ఏ ప్రశ్నా అడగలేదు.

మర్నాడు కాకా వచ్చాడు. ఎప్పటిలాగే పెట్టె తుడిచాడు, డబ్బాలో పెట్రోలూ నూనే పోశాడు, ఊపాడు. ట్యాంకులోకి వంచే ముందు ఆగి, "సాబ్, జర ఇటు చూడుండ్రి" అని పిలిచాడు. "అక్కరలేదు కాకా, పొయ్యి" అన్నాడు బాపు. కాకా పొయ్యలేదు. బాపు లేచి వచ్చి చూసేదాకా డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ఎన్నో ఏళ్ళు తిరిగారు, ఒక కంచంలో తిన్నారు, కాకా కూతురి పెళ్ళికి బాపే పెద్దగా నిలబడ్డాడు. కానీ పెట్రోలు పోసే ప్రతిసారీ కాకా ఆ మాట అనడం మానలేదు. బాపు లేచి వెళ్ళి చూడడమూ మానలేదు. వెనక్కి వచ్చి కూర్చునేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయేవాళ్ళం.

ఇద్దరూ పోయి చాలా కాలమైంది. నేను ముసలిదాన్నయ్యాను, నా ఇంట్లోనూ వస్తువులు పోతుంటాయి. చెవిదుద్దు కనబడదు, ఇంట్లో వాళ్ళ కళ్ళు పనిచేసే అమ్మాయి వైపు తిరుగుతాయి. నా కళ్ళు కూడా తిరుగుతాయి, అబద్ధమెందుకు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, మామ నేర్పినట్టు, ఆ పిల్ల చెప్పింది నిజమే అనుకుని వెతకడం మొదలుపెడతాను. కొన్ని దొరికాయి. కొన్ని ఇప్పటికీ దొరకలేదు. అయినా ఆ పిల్లను అడగలేదు.