గౌనుకి జేబు

మా వాషింగ్ మెషీన్ తలుపు తెరిస్తే చాలు, ముక్కిపోయిన తడిగుడ్డ వాసన గుప్పుమనడం మొదలై ఇరవై రోజులైంది. ముందువైపు గుండ్రటి అద్దం తలుపున్న మెషీన్ అది. కొన్న రోజున మా ఆయన దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, లోపల బట్టలు దొర్లడాన్ని సినిమా చూసినట్టు గంటసేపు చూశారు. అంత మురిపెంగా తెచ్చుకున్నదానికి ఈ కంపేమిటని తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతల్లో వేలు పెట్టి మరీ తుడిచాను, బట్టలు వెయ్యకుండా ఉత్త వేడినీళ్ళతో తిప్పాను, సబ్బుపొడి పోసే అర ఊడదీసి పాత బ్రష్షుతో తోమాను, పగలంతా తలుపు బార్లా తెరిచి ఉంచాను. ఊహూఁ, పోలేదు. ఇక నాకు తోచిన కారణం ఒక్కటే: మా ఇంట్లో పనిచేసే కుమారి పొడి గుమ్మరించేస్తోంది. ఆ మాట ఆమెతో అనేశాను కూడా, మెల్లగా ఏం కాదు. "ఆరేళ్ళనుంచి చేస్తున్నావు, ఇంకా నీ చేతికి కొలత రాలేదా?" అన్నాను. కుమారి "సరేనమ్మగారూ" అని, చెయ్యి కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున మెకానిక్ వచ్చాడు. మెషీన్ అడుగున ఓ మూల చిన్న మూత ఉంటే అది తీసి, కింద పళ్ళెం పెట్టి, సన్నటి గొట్టం లాగి, లోపల నిలవున్న నీళ్ళు వదిలాడు. నల్లటి నీళ్ళు. తర్వాత ఫిల్టరు తిప్పి బయటికి లాగితే ఒక తలపిన్ను, ఒక చొక్కా గుండీ, జిగురు పట్టిన గుడ్డముద్ద ఒకటి వచ్చాయి. "పొడి వల్ల కాదు మేడమ్, ఈ గుడ్డ అడ్డంపడి నీళ్ళు పూర్తిగా పోవట్లేదు. జేబులు చూసి వెయ్యండి, నెలకోసారి ఇది కడగండి, అంతే" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ముద్దని పంపు కింద పెట్టి ఉతికితే నా జేబురుమాలు. నైటీ జేబులో పెట్టుకుని మర్చిపోయింది నేనే. నాది కాదని బుకాయించడానికీ లేదు, మూలన ఊదారంగు పువ్వు కుట్టుకుంది నా చేతులతోనే.

జేబులు చూసి వెయ్యాలన్న మాట నాకు చెప్పడానికి ఒక మెకానిక్ రావాల్సి వచ్చింది. మా నర్సమ్మ బతికుంటే నోరు నొక్కుకునేది.

డెబ్బైల మొదట్లో మేం గుణదలలో ఉండేవాళ్ళం. నాన్న బెజవాడ స్టేషన్లో గూడ్సు ఆఫీసు గుమాస్తా. ఒకే కప్పు కింద ఐదు వాటాలున్న పెంకుటింటి వరసలో మాది రెండోది. అన్నీ రైల్వే కుటుంబాలే, అందరికీ ఒకటే పంపు, ఒకటే దండెం, పొద్దున్నే అందరి వంటా అందరికీ తెలిసిపోయే వాసనలు. ఆ ఐదిళ్ళ బట్టలూ నర్సమ్మే ఉతికేది. మా అమ్మకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది, అయినా అమ్మ ఆమెని "నువ్వు" అనేది, ఆమె అమ్మని "అమ్మగారూ" అనేది. అది అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు, నాకూ తోచలేదు.

సోమవారం పొద్దున నర్సమ్మ వచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. మూట కట్టేముందు ఒక్కో బట్టా తీసి, దులిపి, ప్రతి జేబులోనూ చెయ్యి పెట్టి మూల దాకా వేలితో తడిమేది. అది ఆమె పద్ధతి. దొరికినవి దొరికినట్టు గుమ్మం పక్కన గూట్లో వరసగా పెట్టేది: వక్కపలుకు, సినిమా టికెట్టు ముక్క, గుండీ, నాన్న చొక్కా జేబులోంచైతే వారం వారం ఓ కాపీ పెన్సిలు ముక్క. ఆ పెన్సిలు ఇప్పటివాళ్ళకి తెలియదు. పొడిగా రాస్తే బూడిదరంగు, తడి తగిలిందా ఊదారంగై పాకిపోతుంది, మళ్ళీ చచ్చినా పోదు. గూడ్సు పార్సిళ్ళ మీద రాయడానికి నాన్నకి ఆఫీసులో ఇచ్చేవాళ్ళు. "నర్సమ్మ చెయ్యే లేకపోతే మన ఇంటిల్లిపాదీ ఊదా బట్టలే" అని అమ్మ నవ్వేది. నర్సమ్మకి ఆ మాట ఎంత ఇష్టమో! తల కాస్త పైకెత్తి, "పాతికేళ్ళయిందమ్మా, నా రేవులో ఒక్క జేబు తడవలేదు" అనేది.

మూట నెత్తికెత్తుకుని పడవలరేవు దగ్గర ఏలూరు కాలువకి పోయేది. సెలవు రోజుల్లో నేనూ వెంటపడేదాన్ని. సోడా వేసిన నీళ్ళలో నానిన బట్టలు పెద్ద బానలో ఉడుకుతుంటే పైకి లేచే ఆవిరి, పుల్లల పొగ, బండల మీద బట్ట పడ్డప్పుడల్లా "ఉస్స్" మని ఊపిరి వదిలే ఆడా మగా, గట్టు పొడుగునా ఆరేసిన చీరలు, నీలిమందు కలిపిన తొట్టి దగ్గర నీలంగా మారిన మట్టి. గురువారం మధ్యాహ్నానికి గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసిన బట్టలు ఇంటికొచ్చేవి. వాటిని ముక్కుకి ఆనించుకుంటే ఎండ వాసనా గంజి వాసనా కలిసి వచ్చేది. ఇప్పటి సీసాల్లో అమ్మే సువాసనలన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు, ఈస్టరు వెళ్ళిన కొన్నాళ్ళకి, గుళ్ళో (చర్చిని మేం గుడి అనే అనేవాళ్ళం) మాకు మొదటి సత్ప్రసాదం, అదే పూజలో ఇచ్చే అప్పం, ఇస్తామన్నారు. ఆడపిల్లలందరూ తెల్లగౌన్లు వేసుకోవాలి. అమ్మ తన పెళ్ళినాటి తెల్లచీర పెట్టెలోంచి తీసి, రెండు రోజులు మంచం మీద పెట్టుకుని చూసుకుని, చివరికి మా పెద్దమ్మ చేతికి కత్తెర ఇచ్చింది. పెద్దమ్మ మిషను మీద కుట్టి, జపమాల పెట్టుకోవడానికని పక్క కుట్టులో కనిపించకుండా ఓ జేబు పెట్టింది. అప్పట్లో ఆడపిల్ల గౌనుకి జేబేమిటి! ఆ వరస మొత్తంలో జేబున్న గౌను నా ఒక్కదానిదే అని నేను పట్టలేనంత మిడిసిపడ్డాను.

కొలత చూడ్డానికి గౌను తొడిగిన రోజున నా చేతిలో నాన్న పెన్సిలు ముక్క ఉంది. వేసవి సెలవుల్లో మా పిల్లలందరికీ అదే ఆట: పెన్సిలు నాకి, నాలుక చాపి, ఎవరిది ఎక్కువ ఊదాగా ఉందో చూసుకోవడం. అది విషమని, ముట్టుకుంటే వీపు చీరేస్తానని నాన్న చెప్పి ఉన్నాడు. వరండాలో నాన్న చెప్పుల చప్పుడు వినపడింది. ముక్కని జేబులో దోపి, నోరు మూసుకుని బుద్ధిగా నిలబడ్డాను. తర్వాత గౌను విప్పేశారు, మామిడికాయ ముక్కలు కొట్టడానికి కత్తిపీటలు పరిచారు, ఆవపిండి ఘాటుకి తుమ్ముకుంటూ నేను ఆ సంగతే మర్చిపోయాను.

గౌనుకి మిషను నూనె మరక అంటిందని సోమవారం నర్సమ్మకి వేశారు. ఆమె ఎప్పట్లాగే అరుగు మీద కూర్చుని అందరి జేబులూ తడిమింది, నాన్న చొక్కాలోంచి ఒక ముక్క తీసి గూట్లో పెట్టింది. గౌనుని మాత్రం ప్రేమగా మడత పెట్టి మూటలో పైన పెట్టుకుంది. గౌనుకి జేబుంటుందని ఎవరనుకుంటారు? పైగా అవి కాలువ కట్టేసిన రోజులు. ఏటా ఎండాకాలంలో మరమ్మతులకని బ్యారేజీ దగ్గర నీళ్ళు ఆపేస్తే, కాలువ అడుగున ఇసక తేలుతుంది. రేవువాళ్ళు చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్ళు ముంతలతో తోడుకుని, తొట్లలో ఉతుక్కోవాలి. పారే నీళ్ళైతే రంగు కొట్టుకుపోయేదేమో. తొట్టిలో ఎక్కడికి పోతుంది?

గురువారం నర్సమ్మ మూట లేకుండా, గౌనొక్కటే రెండు చేతుల మీదా పెట్టుకుని వచ్చింది. నడుము దగ్గర్నుంచి అంచు దాకా ఊదా మరకలు. అమ్మ దాన్ని లాక్కుని వెలుగులో చాపి చూసింది.

"ఆయన చొక్కా జేబు చూడకుండా దీంతో కలిపి నానేశావు కదూ? నా పెళ్ళిచీర నర్సమ్మా అది!"

నర్సమ్మ నా వంక చూసింది. ఒక్క క్షణమే. నేను పెదవులు బిగించుకుని గుమ్మం చెక్క పట్టుకున్నాను. ఆమె తల దించుకుని, "పొరపాటైపోయిందమ్మగారూ" అంది.

"ఇంక మా ఇంటికి రావొద్దు."

సాయంత్రం పంపు దగ్గర అమ్మ ఆ మాటే అందరికీ చెప్పింది. శుక్రవారానికి ఐదిళ్ళూ ఆమెని మానిపించేశాయి. పాతికేళ్ళుగా ఒక్క జేబు తడవలేదని తలెత్తుకు తిరిగిన మనిషి! నేను ఎదురుగానే ఉన్నాను, ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. దెబ్బలకి భయపడ్డాను, గౌను పాడుచేసిన పిల్లగా ఆదివారం గుళ్ళో నిలబడడానికి అంతకంటే భయపడ్డాను. సిగ్గులేకుండా ఆ పూట అన్నం కూడా తిన్నాను.

శనివారం పొద్దున మా పిల్లలందరికీ మొదటి పాపసంకీర్తనం. జాలీ అవతల కూర్చున్న ఫాదరుగారికి చేసిన తప్పులు చెప్పుకోవాలి. చక్కెర దొంగిలించడం, తమ్ముణ్ణి గిల్లడం అన్నీ గడగడా చెప్పి, చివర్న పెన్సిలు సంగతి గొణిగాను. ఫాదరుగారు ముసలాయన, నిద్రపోతున్నారేమో అనుకున్నాను.

"ఆ తప్పు ఎవరి మీద పడింది తల్లీ?"

"నర్సమ్మ మీద."

"దేవుడు విన్నాడులే. నర్సమ్మ వినాలిగా మరి?"

గుడి మెట్లు దిగి ఇంటికి పోకుండా పడవలరేవుకి పరిగెత్తాను. ఎండిన కాలువలో నర్సమ్మ ఒక్కతే చెలమ దగ్గర కూర్చుని, ఊరేదాకా ఆగి ముంతతో నీళ్ళు తోడుతోంది. పక్కన మూట బాగా చిన్నది. నేను ఏడుస్తూ చెప్పింది ఆమెకి ఎంత అర్థమైందో తెలియదు. తడిచేతులు తుడుచుకుని, కొంగు ముడి విప్పి, గుడ్డపీలికలో చుట్టిన పెన్సిలు ముక్క నా చేతిలో పెట్టింది.

"నీ గౌను జేబులో దొరికింది పాపా. నీకియ్యాలని దాచా."

"మరి అమ్మకి చెప్పలేదేం?"

"నీ జేబులోది మీ అమ్మకెట్టా ఇత్తా? ఎవరి జేబులోది వాళ్ళకే ఇయ్యాల. ఇంక నువ్వేం జేసుకుంటావో నీ ఇట్టం."

ఇంటికెళ్ళి గుమ్మంలోనే నిలబడి, పెన్సిలు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. పొయ్యి మీది అన్నం దించి, చెప్పులు వేసుకుని, ఆ మండుటెండలో నా చెయ్యి పట్టుకుని కాలువ దాకా నడిచింది. గట్టు మీద చెప్పులు వదిలి ఇసకలోకి దిగింది. "నర్సమ్మా, నా నోరు మంచిది కాదు..." అని ఇంకేమీ అనలేకపోయింది. నర్సమ్మ లేచి నిలబడి, "అయ్యో, తవరెందుకొచ్చారమ్మా ఈ ఎండలో! ఆ గౌనిట్టా తెప్పియ్యండి, రేపేగా పండగ" అంది. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కలిసి దాన్ని పుల్లమజ్జిగలో నానబెట్టి, నిమ్మచెక్కలతో రుద్ది, ఎండేసి, మళ్ళీ నానబెట్టి, నానా తంటాలూ పడ్డారు. అమ్మ మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టుకుని చెలమలోంచి నీళ్ళు తోడడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

మరకలు వెలిశాయి కానీ జేబు దగ్గరది పోలేదు. ఆదివారం దాంతోనే గుడికెళ్ళాను. ఆనాటి ఫొటో ఇప్పటికీ ఉంది; నలుపు తెలుపు ఫొటో కాబట్టి ఆ మరక నా చేతినీడ అనుకుంటారు చూసినవాళ్ళు. అమ్మ మిగతా నాలుగిళ్ళకీ వెళ్ళి తప్పు మా పిల్లదని చెప్పింది. మూడిళ్ళు నర్సమ్మని మళ్ళీ పిలిచాయి. చివరింటావిడ మాత్రం "పోనీలెండి, వేరే మనిషి కుదిరింది" అంది. తర్వాత ఎన్నేళ్ళో నర్సమ్మ సోమవారం సోమవారం ఆ ఇంటి ముందునుంచి మూటతో నడిచిపోయేది, నేను తల తిప్పేసుకునేదాన్ని. ఇప్పటికీ ఆ ఇల్లొక్కటీ నా గుండెలో ముల్లే.

ఆ వరస కూల్చి అపార్టుమెంట్లు కట్టారు. కాలువలో రేవు లేదు, బండలు లేవు, బానలు లేవు; కాపీ పెన్సిలు నాకి నాలుక చాపే పిల్లలు లేరు. గుమ్మం పక్కన గూడు పెట్టి ఇల్లు కట్టేవాళ్ళూ లేరు, అందుకని మెషీన్లోంచి వచ్చిన పిన్నునీ గుండీనీ, ఉతికిన రుమాలునీ వంటింటి కిటికీ గట్టు మీద వరసగా పెట్టాను. మా ఆయన చూసి, "రేపు కుమారి వస్తుందిగా, అప్పుడు చెబుదువులే" అన్నారు. నిజమే, రేపు ఎనిమిదింటికల్లా వస్తుంది. కానీ మా అమ్మ సోమవారం దాకా ఆగలేదు. చెప్పులు వేసుకున్నాక తట్టింది, ఎటు వెళ్ళాలి? అమ్మకి నర్సమ్మ ఎక్కడుంటుందో తెలుసు. ఆరేళ్ళుగా నా ఇంటి గిన్నెలూ బట్టలూ చూస్తున్న కుమారి ఇల్లు ఎక్కడో నాకు తెలియదు.

ఫోను చేసి, "కుమారీ, మీ ఇల్లెక్కడే?" అని అడిగాను.

అవతల్నుంచి కుమారి భయపడుతూ, "ఎందుకమ్మగారూ, నేనేం చేశాను?" అంది.