మఫ్లర్ బాబాయి చలి

మఫ్లర్ బాబాయికి లోకంలో ఒకే ఒక్క శత్రువు: ఏసీ. రోడ్డు మీద తారు కరుగుతున్నా, మెడకు ఉన్ని మఫ్లర్ చుట్టుకునే కళ్లజోళ్ల దుకాణంలో పనికి వచ్చేవాడు. ఈ వేసవిలోనే పట్టుకుందా పిచ్చి. యజమాని ఏసీ వేయడం, ఈయన "చచ్చాన్రోయ్, చలి!" అని కేకపెట్టి ఆపేయడం. చూపు మందగించి వచ్చినవాళ్లకు కూడా ఆ మఫ్లర్ మాత్రం స్పష్టంగా కనబడేది.

"బయట కాకులు సొమ్మసిల్లుతున్నాయి బాబాయ్!" అనేవాడు యజమాని.

"కాకుల సంగతి నాకెందుకు? ముందు దాన్ని ఆపు!"

కొత్తగా చేరి, ఫ్రేములకు మరలు బిగిస్తున్న అమ్మాయి అందరికన్నా ఎక్కువగా నవ్వేది. నవ్వుతూనే చేతులు బల్లకింద దాచుకునేది. చలి తగిలితే ఆమె వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడి, ఆపైన నీలమై, మొద్దుబారిపోయేవి. కాలివేళ్లదీ అదే తంతు. రక్తనాళాలు బిగుసుకుంటాయంతే, ప్రాణభయం లేదన్నాడు డాక్టరు. ఆవగింజంత మర పట్టుకోవలసింది డాక్టరు కాదుగా! వెనకటి దుకాణంలో "చేతులా, చీపురుకట్టలా?" అని పంపేశారు. ఇక్కడా తెలిస్తే అదే గతి. అందుకే బాబాయి ఏసీ ఆపినప్పుడల్లా లోలోపల దణ్ణం పెట్టుకుని, పైకి "అబ్బ, ఏం చాదస్తం!" అని గొంతు కలిపేది. ఆ పూట సిగ్గుతో ముద్ద దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం బాబాయి కనబడకపోయేసరికి యజమాని ఏసీ వేశాడు. మర జారింది. ఎవరూ చూడకముందే ఆమె వెనక గదిలోకి పరిగెత్తింది. అక్కడ బాబాయి మఫ్లర్ విప్పేసి, టేబుల్ ఫ్యాన్‌ను కావలించుకుని కూర్చున్నాడు. మెడంతా చెమటకాయలు.

"బాబాయ్! మీకు చలి కదా?"

"చలా, నా బొందా! తలుపు వెయ్యి, ఎవరైనా చూస్తారు."

"మరెందుకీ వేషం?"

ఆయన దొరికిపోయిన దొంగలా నేలచూపులు చూశాడు. "నువ్వు చేరిన రోజు ఏసీలో నాకు ఫ్రేము అందిస్తుంటే నీ వేళ్లు చూశా. నువ్వేమో నోరు విప్పవు. ఎవరో ఒకరికి చలెయ్యాలి కదమ్మా? నాకెలాగూ తిక్క మనిషినని పేరుంది."

వేళ్లలోంచి పోయిన ఎరుపంతా ఆమె ముఖంలోకి వచ్చింది. తిన్నగా వెళ్లి యజమాని ముందు చేతులు చాపింది. "ఏసీ నాకూ పడదండీ. ఇదిగో, ఇలా అయిపోతాయి."

ఆయన కంగారుపడ్డాడు. "ముందే చెప్పొద్దూ! బల్ల కిటికీ దగ్గరికి, ఎండలోకి జరుపుకో." ఏసీ ఆపింది కూడా ఆయనే.

మర్నాడు బాబాయి మళ్లీ మఫ్లర్‌తోనే దిగాడు.

"ఇంకా ఎందుకు బాబాయ్?" అని గుసగుసలాడింది.

"ఊరుకో! ఇప్పుడు తీసేస్తే ఇన్నాళ్లూ నటించానని తెలిసిపోదూ? నా పరువేం కాను?"

ఆమె టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఆయన వైపు తిప్పింది.

"అమ్మో, చలి!" అని అరుస్తూ బాబాయి కుర్చీని ఫ్యాన్‌కు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.