బాపు కుట్టిన మొదటి జాకెట్టు... పెద్దబాపు తాగిన చాయ్

నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి మాట... బడి నుంచి వస్తూ రూతమ్మ టీచర్ ఇంట్లోకి తొంగిచూస్తే, మా బాపు... అంటే మా నాన్న... చాప మీద కూర్చుని పాత పేపరు కత్తిరిస్తున్నాడు. చుట్టూ అందరూ ఆడపిల్లలే. అందరి చేతుల్లోనూ కత్తెరలే... మీసాలున్నది ఒక్క మా బాపుకే!

అప్పుడు మేం బోధన్‌లో ఉండేవాళ్ళం. చక్కెర ఫ్యాక్టరీలో బాపు పని పోయింది. నలభై దాటిన మనిషి. కొన్నాళ్ళు కూలికి పోయాడు గానీ నడుము సహకరించలేదు. మా వీధి చివర, చర్చి పక్కన ఉండే రూతమ్మ టీచర్ కుట్టుపని నేర్పుతుందని తెలిసి, వెళ్ళి ఆమె గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"చెల్లె, నాకు గూడ నేర్పుతవా?"

"నేర్పుత అన్నా... గని పోరిలు నవ్వుతరు. ఓర్సుకుంటవా మరి?"

"నవ్వనియ్. నాకు పనొస్తే సాలు."

నవ్వారు కూడా... బాపు సూదిలోకి దారం ఎక్కించలేక కళ్ళు చికిలిస్తుంటే కిసకిసలాడేవారు. నవ్వుతూ నవ్వుతూనే వాళ్ళే ఎక్కించి ఇచ్చేవారు. ఆ నవ్వులో విషం లేదు.

విషమంతా మా పెద్దబాపు దగ్గర ఉండేది. బాపుకు సొంత అన్న. తెల్ల ధోతి, చేతికి గడియారం... నలుగురిలో పరువు గురించి తప్ప ఇంకో మాట ఎరగడు. తమ్ముడి పని పోయినప్పుడు మా గడప తొక్కలేదు. తమ్ముడు కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడని తెలియగానే వచ్చాడు!

ఆ రోజు బాపు అరుగు మీద మిషన్ వేసుకుని తన మొదటి జాకెట్టు కుడుతున్నాడు. ఎదురింటి సాయవ్వ పెద్దమ్మ నమ్మి ఇచ్చిన ఆకుపచ్చ గుడ్డ. ఒక చెయ్యి అతికించడం అయింది, రెండోది మిగిలింది.

"మొగోనివేనారా నువ్వు? పరాయి ఆడోళ్ళ జాకిట్లు కుడ్తవా? మందిల నేను తలెట్ల ఎత్తుకోవాలె?"

బాపు కాలు ఆపాడు. "అన్నా, నన్ను తిట్టుకో. గా గుడ్డ ముట్టకు, మనది గాదు."

పెద్దబాపు ఆ జాకెట్టును మిషన్ మీది నుంచి లాగి ముందున్న మోరీలో, మురిక్కాలువలో పడేశాడు.

మా ఇంటి ముందు మోరీ ఎలా ఉండేదో ఎలా చెప్పను... వీధి వీధంతా కడిగి పారబోసిన నీళ్ళు, కుళ్ళిన కూరగాయలు, పైన నల్లటి బంక. మా బాపు అందులోకి దిగి, మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆ గుడ్డను వెతుకుతున్నాడు.

అప్పుడు పెద్దబాపు ఏం చేశాడో తెలుసా... అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, "ఓ పిల్లా, చాయ్ వెట్టు" అని మా అవ్వకు... మా అమ్మకు... చెప్పాడు. పెట్టింది... ఏం చేస్తుంది? సాసర్‌లో పోసుకుని జుర్రుజుర్రుమని తాగాడు, తమ్ముడు మోరీలో ఉండగానే! మోరీ కంపు మర్చిపోయానేమో గానీ ఆ జుర్రుమనే చప్పుడు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. థూ...

బాపు గుడ్డను సబ్బుపెట్టి ఎంత ఉతికినా మరకలు పోలేదు. దాన్ని పట్టుకుని ఎదురింటికి వెళ్ళాడు. వెనకాలే నేను.

"వదినె, నీ గుడ్డ ఖరాబైంది. మోర్ల వడ్డది." అన్న పేరు ఎత్తలేదు.

సాయవ్వ పెద్దమ్మ మా అరుగు వైపు చూసి, లోపలికి పోయి ఇంకో గుడ్డ తెచ్చింది. "నేనంత సూసిన తియ్యి. గిది కుట్టు... గని మెడ ఎక్వ దించకు, సెప్తున్న!"

నిజం చెప్పాలంటే ఆ జాకెట్టు సరిగ్గా కుదరలేదు. చేతులు బిగుతయ్యాయి. పెద్దమ్మ తిట్టుకుంటూ తెచ్చిచ్చింది, బాపు విప్పి మళ్ళీ కుట్టాడు. అలా విప్పుతూ కుడుతూనే నేర్చుకున్నాడు... జాకెట్లు, లంగాలు, తర్వాత అంగీలు, ప్యాంట్లు. నా డిగ్రీ చదువు ఆ మిషన్ మీదే నడిచింది. అరవై దాటాక మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో కొత్త మెడల డిజైన్లు చూడటం కూడా నేర్చుకున్నాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న నిజామాబాద్‌లో యువత కోసం ఏదో వ్యక్తిత్వ వికాసం సభ అంటే మా పాపను తీసుకెళ్ళాను. డిగ్రీ అయింది, ఉద్యోగం దొరక్క దిగులుగా ఉంటోంది... నాలుగు మంచి మాటలు వింటుందని ఆశ.

కోటు వేసుకున్నాయన స్టేజీ ఎక్కి, నలభై దాటినవాళ్ళందరినీ లేచి నిలబడమన్నాడు. సన్మానమేమో అనుకుని నిలబడ్డాం.

"చూడండి ఫ్రెండ్స్! వీళ్ళ కథ అయిపోయింది. మీకు పాతికేళ్ళ వరకే టైం. ఆలోపు సాధించకపోతే మీరూ ఇంతే!"

హాలంతా ఈలలు, చప్పట్లు... నా పక్కన ఎవరి తండ్రో, నవ్వలేక నవ్వుతూ తల దించుకున్నాడు. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. పాప చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

బస్సులో పాప అడిగింది... "అమ్మా, గట్లయితే నాకింక మూడేండ్లే ఉన్నయా?"

ఇరవై రెండేళ్ళ పిల్ల!

"వాడు సెప్పింది వట్టిది బిడ్డా. మీ తాత పని నేర్వ మొదలువెట్టిందే నలభై దాటినంక."

పాప కిటికీ వైపు తిరిగింది... నమ్మినట్టు లేదు.

మా రోజుల్లో నేర్చుకునేవాళ్ళను ఎగతాళి చేసే మనిషి వీధికి ఒకడుండేవాడు... ఇప్పుడు వాడికి దండ వేసి, మైకు ఇచ్చి, పిల్లలను తీసుకెళ్ళి మరీ ముందు వరసలో కూర్చోబెడుతున్నాం.

మీ ఇళ్ళలో తల నెరిశాక కొత్త పని పట్టినవాళ్ళు ఎవరున్నా కింద రాయండి... మా పాపకు చదివి వినిపించాలి.