రెండు చోట్ల ఉన్న మనిషి

మా వంశవృక్షం వెబ్‌సైట్ ఆగిపోయిందని నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. నాలుగు రోజులు చూశాను. చుట్టాలందరినీ పేరుపేరునా ఎక్కించిన సైటు అది. ఒక్కరైనా ఫోన్ చేసి ఏమైందని అడుగుతారేమోనని సిగ్గు లేకుండా ఎదురుచూశాను. పెళ్లిపత్రికలో పేరు తప్పు పడితే మాత్రం పొద్దు పొడవకముందే ఫోన్లు చేస్తారు.

ఐదో రోజు అక్క చేసింది.

"తమ్మీ, నా ఫోన్ల అంత తెల్లగ కనవడుతాంది. బిడ్డ ఫోటో వస్తలేదు."

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. భువనగిరి దగ్గర మా మగ్గాల ఊళ్లోనే ఉంటుంది. నేను ఉద్యోగం కోసం నల్గొండ వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే కిరాయి ఇంట్లో ఉండిపోయాను. అక్క బిడ్డనే నేను చేసుకున్నాను. మా దిక్కు మేనరికాలు మామూలే. ఆమె పోయి మూడేళ్లు దాటింది. పిల్లలు లేరు. అక్క రోజూ చాయ తాగి ఆ ఫోటో చూసుకుంటుందని ఆ రోజే తెలిసింది. నాకు సంతోషమే అయింది, దాచేదేముంది. ఆ సైటు చూసేవాళ్లు ఒకరున్నారు.

పని మొదలుపెట్టాను. సర్వర్ కిరాయికిచ్చే కంపెనీవాళ్లు తమ వైపు అంతా కొత్తది చేసుకున్నారు. నా పాత సాఫ్ట్‌వేర్ ఇక దాని మీద నడవదు. ముందే మెయిల్ పంపారట. ఏదో ప్రకటన అనుకొని తీసేసి ఉంటాను. ఉన్నదంతా కంప్యూటర్‌లోకి దించి దాచుకొని కొత్త వెర్షన్ ఎక్కించాను. ఇల్లు అలకగానే పండుగ కాదు కదా, తెలుగు పేర్లన్నీ ప్రశ్న గుర్తులైపోయాయి. ముత్తాత దగ్గర నుంచి అందరూ వరసగా ప్రశ్న గుర్తులే. వాటిని మళ్లీ మనుషుల్ని చేసేసరికి రెండు రోజులు పట్టింది. వెనక జిల్లాలు విడిపోయినప్పుడు అందరి ఊళ్ల పక్కనా కొత్త జిల్లా పేరు రాశాను. అప్పుడు పక్కన కూర్చొని పేర్లు చదివి వినిపించే మనిషి ఉండేది. ఈసారి నేనే చదివి నేనే సరిచూసుకున్నాను. పైకే చదివాను, ఇంట్లో ఒక గొంతు వినబడుతుందని.

బుధవారం మధ్యాహ్నానికి సైటు లేచింది. అక్కకు చెప్పాను. చూసి మళ్లీ ఫోన్ చేసింది.

"పోయినోళ్లందరొచ్చిన్రు. మన జాగలల్ల తీరుగనె బిడ్డ జాగల గూడ వట్టి నల్ల బొమ్మ ఉన్నది. పేరు గూడ లేదు. దాన్ని యాడ వెట్టినవ్‌రా?"

నేనూ చూశాను. తప్పు నాదే. మేనరికం సంగతి ఆ పాత సాఫ్ట్‌వేర్‌కు ఎలా చెప్పాలో తెలియక, అప్పట్లో ఆమెను రెండుసార్లు ఎక్కించాను. అక్కకు బిడ్డగా ఒకసారి, నాకు భార్యగా ఒకసారి. ఆమె పోయాక తేదీ నా వైపు మాత్రమే రాశాను. అక్క వైపు రాయలేదు. కొత్త వెర్షన్ లెక్క ప్రకారం, పోయిన తేదీ లేకపోతే మనిషి బతికి ఉన్నట్టు. బతికున్నవాళ్ల పేరూ ఫోటో బయటివాళ్లకు చూపించదు. ఆ లెక్కలో కన్నతల్లి కూడా బయటిదే. పాస్‌వర్డ్ కొడితే చూడొచ్చు, కానీ అక్కకు ఫోన్‌లో ఒక బొమ్మ నొక్కి తెరవడం వరకే వచ్చు.

"ఆడ తారీఖు రాయాలె అక్కా. రాస్తెనే కనవడుతది."

"ఏం తారీఖు?"

అడిగాక ఆమెకే అర్థమైంది.

"నాకు ఎరికే," అంది. "నీ దిక్కు తారీఖున్నది, నా దిక్కు లేకుండె. మర్శిపోయినవనుకున్న. యాది జేస్తె రాస్తవని నేనే చెప్పలే."

నేను మరచిపోలేదు. ఆ పేజీ ఎన్నోసార్లు తెరిచాను. అందులో ఆమెకు పదిహేనేళ్లు, రెండు జడలు, భువనగిరి స్టూడియోలో కుర్చీ పట్టుకొని నిలబడి ఉంటుంది. ఒక్కచోటైనా ఉండనీ అనుకొని ప్రతిసారీ మూసేశాను. అలా అనుకునేది నేనొక్కణ్ణే అనుకున్నాను.

"అయితె గట్లనే ఉంచుత," అన్నాను.

"ముఖం కనవడకుంట ఉండి ఏం లాభంరా? రాయి తమ్మీ."

ఫోన్ పెట్టేసి రాశాను. రోజు, నెల, సంవత్సరం. సంవత్సరం ఒకసారి తప్పు పడితే దిద్దాను. సేవ్ నొక్కి అక్కకు కబురు చేశాను. పది నిమిషాలకు ఫోన్ వచ్చింది.

"ఆఁ, వచ్చింది. గదే ఫోటో," అంది. ఫోన్‌లో పక్కింటి మగ్గం చప్పుడు వినబడుతూ ఉంది. అంతలో అక్క ఏడవడం మొదలుపెట్టింది, కబురు అప్పుడే అందినట్టు.

నా ఇంట్లో ఆమె పోయి మూడేళ్లు దాటింది. అక్క ఇంట్లో ఆ బుధవారం మధ్యాహ్నం పోయింది, నా చేతుల మీదుగా.