పన్నెండు డబ్బాల్లో ఒకే మనిషి

నిరుడు వేసవిలో జరిగిన ఈ సంగతి రాసిపెట్టకపోతే, డబ్బాలో ఏముందో తమకు తెలుసని సంతకం చేసేవాళ్లు ఎప్పటికీ అదే ధీమాతో చేస్తూ పోతారు. వాళ్ల సంతకాల పక్కన ముద్ర వేసినవాణ్ని నేనే కాబట్టి, రాయవలసిందీ నేనే.

హైటెక్ సిటీలో, విమానాల్లో సరుకు పంపే ఒక ఏజెన్సీలో నాది కస్టమర్ల డెస్కు. డిగ్రీ సగంలో ఆగింది. మిగతా చదువంతా మా పేట గ్రంథాలయంలోనే. అప్పట్లో స్క్రీనింగ్, అంటే సరుకును ఎక్స్‌రేతో పరీక్షించడం, కఠినం కాబోతోంది. అంతవరకు పాత కస్టమర్ల సరుకులో కొన్ని డబ్బాలే చూసేవారు. మిగతావాటికి డిక్లరేషన్, అంటే ‘ఇందులో నాకు తెలియనిదేదీ లేదు’ అనే సంతకం, సరిపోయేది. ఇకమీదట ప్రతి డబ్బా చూస్తారు; తెర మీద అర్థంకానిది కనబడితే సరుకు ఆగిపోతుంది. అందుకే కస్టమర్లను ఒక్కొక్కరినే పిలిచి, మా గోదాములో ముందుగా ట్రయల్ స్కాన్ చేయించేవాణ్ని.

జీడిమెట్ల నుంచి నర్సింలు గారు వచ్చారు. మందుబిళ్లలు అచ్చువేసే ఉక్కు భాగాలు తయారుచేస్తారు. సోమవారం వెళ్లాల్సిన పన్నెండు డబ్బాలు తెచ్చారు. విదేశాల్లో కొనేవాడు ఒక్కడే. ఈసారి ఆలస్యమైతే ఆర్డరు పోతుంది, పదకొండు మంది పని పోతుంది.

“మా డబ్బాలల్ల ఉక్కు తప్ప దోమ గూడ ఉండది సార్,” అన్నారు.

మొదటి డబ్బా లోపలికి వెళ్లింది. తెర మీద ఉక్కు నల్లగా, అట్టలు నారింజ రంగులో కనిపించాయి. ఆ నారింజ రంగు అంచున, నీలంగా, జానెడు మనిషి నిలబడి ఉన్నాడు. మమ్మల్ని ఆగమన్నట్టు కుడిచెయ్యి ఎత్తాడు.

యంత్రం నడిపే సుధాకర్ గారు బెల్టు ఆపారు. “ఏంటండీ ఇది? బొమ్మ పెట్టారా?”

“నేనేం పెట్టలే. ప్యాకింగంత నేనే చేసిన!”

రెండో డబ్బా. అదే చోట అదే మనిషి. మూడోది. నాలుగోది. పన్నెండింటిలోనూ.

“నీలమంటే లోహం. పల్చని రేకు అయ్యుంటుంది,” అన్నాను. నా గ్రంథాలయం చదువు అక్కడితో అయిపోయింది.

సుధాకర్ గారు బొమ్మను పెద్దది చేశారు. ఎడమచెయ్యి మణికట్టు దాకే ఉంది.

నర్సింలు గారు గోడకు ఆనుకున్నారు. “మా అన్న యాదగిరి సార్. ప్రెస్సుల గా చెయ్యే పోయింది. ఆయన సచ్చిపోయి రెండేండ్లాయె.”

కాసేపు ఎవరమూ డబ్బాల దగ్గరికి వెళ్లలేదు. చివరికి నేనే ఒకటి తెరిచాను. మూత కింద అట్ట. దాని రెండు పొరల మధ్య, జిగురులో, రాగిరేకు మనిషి. ఆ అట్టలు యాదగిరి గారు బతికుండగా చేసిపెట్టినవి. నర్సింలు గారు వెంటనే వదిన భారతమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

“వదినా, అన్న అట్టలల్ల ఏమన్న పెట్టిండా?”

“కావలి మనిషిని పెట్టిండు. డబ్బా దేశం దాటుతది, ఒంటిగ పోవద్దన్నడు. నీకు చెప్తే నవ్వుతవని చెప్పలే. మంచాన పడ్డంక గవే చేసుకుంట కూసుండె. షెడ్డుల ఇంక నాలుగు కట్టలుండాలె, చూడు.”

అంటే రెండేళ్లుగా, పోయినాయన ప్రతి డబ్బా వెంట వెళ్తూనే ఉన్నాడు. తెలియనిదేదీ లేదని తమ్ముడు సంతకం చేస్తూనే ఉన్నాడు.

ఆదివారం నర్సింలు గారి షెడ్డులో కూర్చుని అందరం అట్టలు మార్చాం. పన్నెండో డబ్బా దగ్గర నర్సింలు గారి చెయ్యి ఆగింది.

“జర గీ ఒక్కటి ఉంచరాదు సార్?”

రేకు పంపకూడదని ఏ నియమంలోనూ లేదు, చెప్పకుండా పంపకూడదంతే. ప్యాకింగ్ లిస్ట్‌లో, అంటే సరుకుల జాబితాలో, చివరి వరుస చేర్చాను: రాగిరేకు మనిషి, ఒకటి. సోమవారం ఎయిర్‌పోర్టులో ఆ డబ్బా తెర మీద ఆగింది. జాబితా చూశారు, వదిలేశారు.

ఇప్పుడు కస్టమర్లను డబ్బాలో ఏముందని మాత్రమే అడిగి ఊరుకోను. దాన్ని ఎవరెవరు ముట్టుకున్నారో, పోయినవాళ్లతో సహా చెప్పమంటాను.

బెల్టు ఆపిన సుధాకర్ గారికి, దాచకుండా చెప్పిన భారతమ్మ గారికి, అన్న చేసిన అట్టలను తన చేతులతోనే విప్పిన నర్సింలు గారికి నా కృతజ్ఞతలు. ఎక్కడో ఇంకా ప్రయాణంలోనే ఉన్న యాదగిరి గారికి కూడా.