మెలిస్ కొలిచిన మగత

ఆగస్టు వచ్చిందని తెలియడానికి కిర్గిజ్ కొండల్లోని కొచ్కోర్ సంతవీధిలో క్యాలెండరు అక్కర్లేదు, మెలిస్ తుమ్మితే చాలు అనేవాళ్ళు. కొండవాలంతా మాచిపత్రి పూతకొచ్చి గాలికి పుప్పొడి లేచే రోజుల్లో ఆయన ముక్కు ఎర్ర ముల్లంగిలా ఉబ్బిపోయేది. ఒక తుమ్ము మొదలైతే వరసగా పదకొండు. ఎవరో సరదాకి కట్టిన లెక్క కాదది, ఆయనే నాలుగు వేసవులు లెక్కపెట్టి తేల్చుకున్నది.

మెలిస్‌ది చిన్నప్పటినుంచీ అదే బుద్ధి. పాతికేళ్ళ వయసులో ఊరి బడిలో భౌతికశాస్త్రం ల్యాబులో పనిచేసేవాడు. తీగలూ, లోలకాలూ, అద్దాలూ తుడిచి బీరువాలో పెట్టడమే ఉద్యోగం. పాత దేశం ముక్కలై సర్కారు మారాక ల్యాబుకు తాళం పడింది. మెలిస్ ఒక వ్యాను సంపాదించి కొచ్కోర్‌నుంచి బిష్కెక్‌కి మనుషుల్ని తిప్పడం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క ప్రమాదం లేదు. దారిలో ఏ మలుపు దగ్గర గాలి అడ్డంగా కొడుతుందో, ఏ గుంట ఏ ఏడాది పడిందో నోటికి చెప్పేవాడు.

తుమ్ములకి ఆయన దగ్గర ఒకటే మందు, డిమెడ్రోల్ అనే చిన్న తెల్ల మాత్ర. వాళ్ళమ్మ వాడింది, వాళ్ళ నాయన వాడాడు. పొద్దున టీతో ఒకటి, మధ్యాహ్నం భోజనంతో ఒకటి, ముక్కు మరీ మూసుకుపోతే పడుకోబోయేముందు ఇంకొకటి. "మగతగా ఉండదా?" అని ఎవరైనా అడిగితే, మొదటి వారం ఉంటుంది, తర్వాత ఒళ్ళు అలవాటుపడిపోతుంది అనేవాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

యాభై ఒకటో ఏట, ఆగస్టు మూడో వారంలో ఒక రోజు, బిష్కెక్‌నుంచి మధ్యాహ్నం తిరిగొస్తున్నాడు. తొక్‌మోక్‌లో లగ్మాన్ అనే మాంసం నూడుల్స్ తిని మాత్ర వేసుకున్నాడు. బోమ్ లోయ దాటాక దారిపక్క గుడారం దగ్గర ఆగి ఒక గిన్నెడు కిమిజ్ తాగాడు. గుర్రప్పాలు పులవబెట్టిన ఆ పానీయం ఎండకి హాయిగా దిగింది. ఆయన వెనక సీట్లో ఉల్కాన్ అనే ముసలమ్మ కూచుంది. ఊరికి ఇవతల వంతెన దగ్గర దిగాలి ఆమె. వంతెన దాటి అర కిలోమీటరు పోయాక గానీ వ్యాను ఆగలేదు.

ఆమె దిగలేదు. సీట్లోనే కూచుని, మిగతావాళ్ళు వినేలా తాపీగా అంది.

"మూడుసార్లు చెప్పాను నాయనా. చెవుడా, కళ్ళు తెరుచుకుని నిద్రా?"

"నిద్రెక్కడవ్వా, దారి చూస్తూనే ఉన్నాను."

"చూస్తూనే ఉన్నావు. చెరువు చివర గుర్రప్పిల్ల రోడ్డెక్కినప్పుడూ చూస్తూనే ఉన్నావు. దాని తోక వ్యానుకి తగిలిందేమో అనుకున్నాను. అప్పుడు తొక్కావు బ్రేకు."

మెలిస్ వ్యాను వెనక్కి తిప్పి ఆమెని వంతెన దగ్గర దింపాడు, మూట తానే మోశాడు. ఆయన్ని పట్టుకున్నది భయం కాదు, అది తర్వాతెప్పుడో వచ్చింది. అప్పటికి ఆయనకి ఒకటే ఆశ్చర్యం. గుర్రప్పిల్ల గుర్తుంది. బ్రేకు వేసినట్టూ గుర్తుంది. సరైన వేళకే వేశాననే ఆయన లెక్క. కానీ ఆ ముందు వచ్చే ఓర్తో-తొకోయ్ చెరువు, మైళ్ళ పొడుగున నీలంగా పరుచుకుని ఉండేది, దాని పక్కనుంచి ఎప్పుడు వచ్చాడో ఎంత తవ్వుకున్నా దొరకలేదు. ఒక్క ఆవలింత కూడా రాలేదు. నిద్ర వస్తున్నట్టే లేదు. మరి చెరువంత చెరువు ఎటు పోయింది?

మర్నాడు బండి తీయలేదు. అటకమీంచి పాత ల్యాబు పెట్టె దింపాడు. అందులో అర మీటరు చెక్క స్కేలుంది. భార్య బుబుసారా పెరట్లో ఉన్ని ఉతుకుతుంటే పిలిచి, స్కేలుని పైకొసన పట్టుకుని నిలబడమన్నాడు. కిందికొస దగ్గర తన వేళ్ళు విచ్చి పెట్టాడు. చెప్పకుండా వదలాలి, తను పట్టుకోవాలి, ఎన్ని సెంటీమీటర్లు జారాక పట్టుకున్నాడో రాయాలి. చురుగ్గా ఉన్నవాడి చేతిలో తక్కువ జారుతుంది, మందకొడిగా ఉన్నవాడి చేతిలో ఎక్కువ.

"ఊళ్ళో మగాళ్ళు గడ్డి కోస్తుంటే మా ఆయన కట్టెపుల్ల పట్టుకుంటున్నాడని చెప్పుకోనా?" అంది బుబుసారా. అంటూనే వదిలింది. పదహారు దగ్గర పట్టుకున్నాడు.

మాత్ర లేకుండా ఇరవైసార్లు. వేసుకున్నాక గంటకి ఇరవైసార్లు, మూడు గంటలకి మళ్ళీ ఇరవై. లేనప్పుడు సగటు పదహారు, వేసుకున్నాక ఇరవై నాలుగు. రెండుసార్లు స్కేలు మొత్తం జారి కింద పడింది. మర్నాటి పొద్దున తీసిన లెక్క ఇంకా వింతగా ఉంది. ముందు రోజు పడుకునేటప్పుడు మాత్ర వేసుకున్నాడు, ఎనిమిది గంటలు నిద్రపోయాడు, కడిగిన గాజులా ఉన్నానని భార్యతో అన్నాడు. స్కేలు మాత్రం ఇరవై ఒకటి చెప్పింది.

మెలిస్ నోటుబుక్కులో గుణకారాలు వేశాడు. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంమీద ఆ తేడా ఎంత దూరం? మీటరు దాకా తేలింది, అంతే. పెన్సిలు కొరుకుతూ కూచున్నాడు. మీటరుతో చెరువు మాయమవదు కదా.

ఆ చిక్కు విప్పింది బుబుసారా. ఆయన మధ్యాహ్నం మాత్ర వేసుకుని, రొట్టెకి జామ్ రాసుకుంటూ మొదటి గేరు గురించి ఏదో చెబుతున్నాడు. ఎడమచెయ్యి బల్ల అంచున ఖాళీగా ఉంది. ఆమె మాట్లాడకుండా స్కేలు తెచ్చి ఆ చేతి పక్కన వదిలేసింది. అది నేలమీద పడి టపటపమని చప్పుడు చేసి ఊరుకుంది. ఆయన ఇంకా గేరు గురించే చెబుతున్నాడు.

"పడిందేమయ్యా," అంది ఆమె.

"ఏం పడింది?"

బుబుసారా నవ్వలేదు. ఎదురుగా కూచుంది. "నిన్న నువ్వు నిలబడి కాచుకుని ఉన్నావు, అందుకే పట్టుకున్నావు. గుర్రప్పిల్ల ఒకటి, రెండు, మూడు అని చెప్పి రోడ్డెక్కుతుందా?"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో భార్య తెలివి చూసి ఆయన అసూయపడింది ఆ ఒక్కసారే. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, 'కాచుకోనప్పుడు' అని పైన రాశాడు. ఆ పేజీలోని అంకెలు చూశాకే ఆయనకి భయం పట్టుకుంది. వ్యానులో పదహారు సీట్లున్నాయి.

సంతలో మందులకొట్టు గుల్సైరాది. ఆమె బడిలో చదివే రోజుల్లో లోలకాలు తుడిచి ఇచ్చింది మెలిస్సే. నోటుబుక్కు అటూ ఇటూ తిప్పి చదివి, ఇంత శ్రద్ధగా తన దగ్గరికొచ్చిన రోగి ఇంకొకడు లేడని అంది. తర్వాత ప్రశ్నలు వేసింది. పడుకునేముందు ఇంకేమైనా తీసుకుంటారా? నిద్రపట్టకపోతే బుబుసారా గుండెదడకి వాడే మందు ఇరవై చుక్కలు వేసుకుంటానన్నాడు. జలుబు పొడి? వేడినీళ్ళలో కలిపి తాగుతానన్నాడు. కిమిజ్? ఆగస్టులో కిమిజ్ తాగని కిర్గిజ్ ఎవడన్నాడు.

గుల్సైరా జలుబు పొడి పొట్లం తెచ్చి వెనకవైపు సన్నక్షరాలు చూపించింది. అందులోనూ ఇదే జాతి మందుంది. అంటే ఒకటి అనుకుని రెండు వేసుకున్నట్టే. చుక్కల్లో నిద్రమందుంది. కిమిజ్‌లో కొంచెమే అయినా సారా ఉంది.

"ఒక్కొక్కటీ ఒక దుప్పటి, అన్నా. నాలుగు దుప్పట్లు కప్పుకుని, చలి లేదు, నిద్ర లేదు అంటున్నారు," అంది.

"నిజంగానే నిద్ర రాలేదమ్మా. అదే నాకు అర్థం కానిది."

"మెదడు మందగిస్తే, మందగించానని చెప్పాల్సిందీ ఆ మెదడే కదా. అందుకే మీ మనసుని అడగొద్దు. స్టీరింగు పట్టే రోజు ఇది ముట్టుకోవద్దు, ముందు రోజు పడుకునేటప్పుడు కూడా వద్దు."

పాత మాత్ర పనికిమాలినదేం కాదనీ, దానికి వేళా చోటూ వేరనీ చెప్పింది. అరవై దాటినవాళ్ళని అది తడబడేలా చేసి పడేస్తుందనీ, మూత్రం బిగబడుతుందనీ, కంట్లో ఒత్తిడి ఉన్నవాళ్ళకి చేటనీ, పసిపిల్లలకి ఊపిరే మందగించొచ్చనీ వివరించింది. మెలిస్ అన్నీ రాసుకున్నాడు. తానే ఏదో అంటగట్టకుండా జిల్లా ఆసుపత్రి డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరు ముక్కులో కొట్టుకునే మందూ, మగత తక్కువగా ఉండే లొరాటడిన్ మాత్రా రాశాడు. అది కూడా ముందు ఇంటిపట్టున ఉన్న రోజు వేసుకుని చూడమన్నాడు, ఒక్కో ఒంటికి ఒక్కో తీరు కాబట్టి.

చెప్పక్కర్లేదు, మెలిస్ స్కేలు బయటికి తీశాడు. ఈసారి సగటు పదహారున్నర. కాచుకోనప్పుడు వదిలినా చాలాసార్లు పట్టాడు. తుమ్ములు పదకొండునుంచి నాలుగుకి దిగాయి. కిమిజ్ మానలేదు, బండి లేని రోజులకి మార్చుకున్నాడు. చుక్కల సీసా బుబుసారా దాచేసింది, ఎక్కడో ఇప్పటికీ చెప్పదు.

సెప్టెంబరు మొదట్లో బిష్కెక్ బస్‌స్టేషనులో డ్రైవర్లు టీ తాగుతుంటే వాళ్ళకీ స్కేలు వదిలి చూపించాడు. కొందరు నవ్వారు. తాష్‌బులాత్ అనే డ్రైవరుకి కూడా ఏటా మాచిపత్రి పడదు, మింగేదీ అదే మాత్ర. వరసగా మూడుసార్లు స్కేలు జారవిడిచి, చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి ఆ డాక్టరు పేరేమిటని మెల్లిగా అడిగాడు.

అదే నెలలో ఒక పొద్దున వ్యాను ఎక్కిన ఒక పడుచుపిల్ల ఒళ్ళో ఏడు నెలల పాప ఉంది. బయల్దేరినప్పటినుంచీ ఏడుపే. పక్కన కూచున్న అత్తగారు రుమాలు ముడి విప్పి, తెల్ల మాత్రని గోటితో పావు విరిచింది. తల్లి చనుబాలు చెంచాలోకి పిండబోతోంది. అద్దంలో ఇది చూసిన మెలిస్ వ్యాను పక్కకి తీసి ఆపాడు.

"అది పాపకి వేయకండి పెద్దమ్మా."

"మా ఆరుగురు పిల్లలూ దీంతోనే పడుకున్నారు. నువ్వు బండి తోలు."

"నేనూ ఇదే మింగి బండి తోలాను. వంతెన దాటిపోయాను, చెరువు కనపడలేదు. ఇంత ఒళ్ళున్నవాణ్ణి. పాప పిడికెడుంది. ఊపిరి మందగించినా చెప్పుకోలేదు."

అత్తగారు ఒప్పుకోలేదు, వాదించనూ లేదు. కోడలు చెంచా పక్కన పెట్టి పాపని భుజానికెత్తుకుంది. ముసలామె మాత్రముక్కని మళ్ళీ రుమాల్లో మూటగట్టి, మోకాళ్ళ నొప్పికి పనికొస్తుందిలే అని గొణిగింది. దానికీ పనికిరాదని చెప్పబోయి మెలిస్ ఊరుకున్నాడు. ఒక రోజుకి అంత చాలు.

బోమ్ లోయ పొడుగునా పాప ఏడ్చింది. వెనకసీట్లోని ఒక లెక్చరరు ఎత్తుకున్నాడు, ఒక గొర్రెల వ్యాపారి ఎత్తుకుని ఈల వేశాడు, ఆఖరికి అత్తగారే తీసుకుని పాత జోలపాట అందుకుంది. మెలిస్ అద్దాలు దించి గాలి వదిలాడు. బిష్కెక్ స్టేషనులో ఇంజిన్ ఆపి, సామాన్లు దింపడానికి వెనక తలుపు తెరిచేసరికి పాప నిద్రపోయి ఉంది.