గెలుపు చిన్న బండిదే

మా మాస్టారు పోయారని సోమవారం పొద్దున ఎస్సెమ్మెస్ వచ్చింది. పంపింది మా ఎడిటర్. "టెస్టర్ సాబ్ నహీఁ రహే" అని ఒక ముక్క. దాని కిందే, వచ్చే సంచికలో సగం పేజీ ఖాళీ ఉంచు, నివాళి వేద్దాం అని ఇంకో ముక్క. ఒళ్ళు మండిపోయింది. బతికుండగా ఆ మనిషి నాలుగు లైన్ల సవరణ వేయమని కాళ్ళరిగేలా తిరిగితే చోటు లేదన్నారు. పోయాక సగం పేజీ దొరికింది!

ఆయన ఎవరో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నోయిడాలో మేము నడిపే ఇంగ్లీషు కార్ల పత్రికకు కొత్త బళ్ళన్నీ నడిపి చూసి, ఏది మేలో తీర్పు రాసేది ఆయనే. ఊరు తెనాలి దగ్గర. ఘాజియాబాద్‌లో ఆసుపత్రి నర్సుగా ఆయన భార్యకి, నేను ఆంటీ అని పిలిచే ఆవిడకి, ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాకు పని నేర్పినందుకు నేను మాస్టారూ అని పిలిచేవాణ్ణి.

ఏ బండి ఎక్కినా ముందు చెప్పులు విప్పేవారు. తర్వాత జేబులోంచి నల్ల టేపు తీసి, స్టీరింగ్ మధ్యలో ఉండే కంపెనీ గుర్తు మీద అంటించేవారు. "ముందు దాని ఇంటిపేరు తీసెయ్‌రా. అప్పుడు తెలుస్తుంది బండేంటో" అనేవారు. దిగాక ఇంగ్లీషు మాట ఒక్కటీ రాసేవారు కాదు. "నడుముకి తెలిసింది నాకు తెలుగులోనే తెలుస్తుంది" అని తీర్పంతా పొడుగాటి నోటుపుస్తకంలో తెలుగులో రాసి నా బల్ల మీద పడేసేవారు. దాన్ని ఇంగ్లీషు చేయడం నా పని. ఆఫీసులో తెలుగొచ్చినవాళ్ళం మేమిద్దరమే. అచ్చుకి వెళ్ళేముందు ఒకసారి చూడండి మాస్టారూ అంటే, "మనోడివి నువ్వుండగా నాకెందుకురా?" అనేవారు. ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఐదేళ్ళ కిందటి జనవరిలో రెండు స్పోర్ట్స్ కార్లు ఒకేసారి దొరికాయి. ఒకటి జపాన్‌వాళ్ళ చిన్న రెండు సీట్ల బండి, ఎవరో దౌత్యాధికారి వెంట తెచ్చుకున్నది. రెండోది దానికి మూడింతల ధర ఉన్న జర్మన్ బండి. షోరూమ్‌వాళ్ళు దానికి కాపలాగా టై కట్టిన మనిషిని కూడా పంపారు. మాస్టారు టేపు తీయగానే గుర్తు మీద అంటించొద్దని అతను కంగారుపడ్డాడు. "సర్, లోగో పే టేప్ మత్ లగాయియే!"

"చెహరా నహీఁ భయ్యా, చాల్ దేఖ్‌నీ హై," అన్నారు మాస్టారు. ముఖంతో పనిలేదు, నడక చూడాలట. నేను పగలబడి నవ్వాను.

పొగమంచు విడిచాక గ్రేటర్ నోయిడా ఎక్స్‌ప్రెస్‌వే మీద పరిగెత్తించాం. స్టాప్‌వాచ్ నా చేతిలోనే ఉంది. వందకి చేరడంలో జర్మన్ బండి చిన్నదాన్ని చిత్తుగా ఓడించింది. మధ్యాహ్నం ఫరీదాబాద్ దాటి అరావళి గుట్టల మలుపుల్లోకి తీసుకెళ్ళాం. అక్కడ కథ మారింది. చిన్న బండిలో ఆయన మొహం చూడాల్సింది, బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా ఉన్నారు. ఆ రోజు ఆయన రాసింది రాసినట్టు ఇస్తున్నాను. ఇది ఇంతవరకూ ఎక్కడా అచ్చు కాలేదు.

"సూటి రోడ్డు మీద జర్మన్ బండికి ఎదురులేదు. కానీ దాన్లో వంద మీద పోతున్నా సోఫాలో కూర్చున్నట్టే ఉంది. చిన్నది అరవైలోనే మనతో కబుర్లు చెబుతుంది. టైరు జారబోతుంటే ముందే నడుముకి చెప్పేస్తుంది. గేరు ఇలా అంటే అలా పడుతుంది. బండి నడిపేవాడితో మాట్లాడాలి, వాడి పక్కింటాయనతో కాదు. గెలుపు చిన్న బండిదే."

నేను దాన్ని ఉన్నదున్నట్టే ఇంగ్లీషు చేశాను. సాయంత్రం ఎడిటర్ పిలిచాడు. వెనక అట్ట మీద ప్రకటన ఆ షోరూమ్‌వాళ్ళదే. "ఏక్ హీ లైన్ తో హై, యార్. బదల్ దే," అన్నాడు. ఒక్క లైనేగా, మార్చేయమని. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. మార్చాను. చిన్నది ముచ్చటైన ఆటబొమ్మ, బళ్ళ సంగతి తెలిసినవాడు ఎంచుకునేది మాత్రం జర్మన్ బండినే అని, సిగ్గులేకుండా, అందంగా కూడా రాశాను. కింద ఆయన పేరు.

సంచిక చూసి ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఏరా, ఈ మాట ఎవరిది?" అని మెల్లగా అడిగారు.

"నాకు తెలీదు మాస్టారూ. ఎడిటర్‌గారు మార్చారేమో," అన్నాను.

తిట్టలేదు, కసరలేదు. ఆ మెతకదనం మీద నాకు ఇప్పటికీ కోపమే. చొక్కా పట్టుకుని ఒక్కటి ఇచ్చుంటే ఆ రోజే కక్కేసేవాణ్ణి కదా! సవరణ కోసం ఎడిటర్ చుట్టూ తిరిగారు. ఇంతలో ఘాజియాబాద్ ఫ్యాక్టరీ యజమాని ఒకాయన మిఠాయి డబ్బాతో వచ్చాడు. మీ తీర్పు చదివే జర్మన్ బండి కొన్నాను సాబ్ అని దండం పెట్టాడు. మాస్టారు డబ్బా ముట్టుకోలేదు. "ఆ తీర్పు నాది కాదండీ, నేను చిన్నదే మేలని రాశాను," అని అందరి ముందూ చెప్పేశారు. ఆ యజమాని మొహం మాడిపోయింది, ఎడిటర్‌కి ఫిర్యాదు వెళ్ళింది, ఆ సాయంత్రమే మాస్టారి ఉద్యోగం ఊడింది. మాట మీద నిలబడని మనిషని ప్రచారం చేశారు. ఇంకే పత్రికా ఆయన్ని రానివ్వలేదు. అంత చెయ్యి తిరిగిన మనిషి చివరిదాకా డ్రైవింగ్ స్కూల్లో క్లచ్ తొక్కడం నేర్పుతూ బతికారు. నాకేమో ఉద్యోగం ఖాయమైంది. ఇవాళ్టికీ ఆ కుర్చీలోనే ఉన్నాను.

చర్చిలో మాస్టారిని తలుచుకుంటూ పెట్టిన ఆదరణ కూడికకి మా ఎడిటరూ వచ్చాడు. మైకు పట్టుకుని, క్లాస్ అంటే ఏమిటో తెలిసిన మనిషి, ఆ జర్మన్ కారు గురించి ఆయన రాసింది మరువలేనిది అన్నాడు. జనం తలలూపారు. నేను లేచి నోరు మూయ్ అనాలి. అనలేదు.

మర్నాడు మాస్టారింటికి వెళ్ళాను. ఆంటీ డ్యూటీకి తయారై బూట్ల లేసులు కట్టుకుంటున్నారు.

"ఆంటీ, ఆ తీర్పు మార్చింది నేనే. నా చేత్తోనే."

"తెలుసు," అన్నారు తల ఎత్తకుండా. "ఆయనకీ తెలుసు. ఎడిటర్‌కి అంత మంచి వాక్యం రాదే, అది మనోడిదే అన్నారు."

"మరి నన్ను నిలదీయలేదేం?"

"అడిగారుగా నాయనా. తెలీదన్నావు."

ఆవిడ లేచి సంచి భుజాన వేసుకున్నారు.

"వస్తాడే, చెబుతాడే అంటూ ఐదేళ్ళు ఎదురుచూశారు. మూడు నెలలు మంచాన పడ్డారు, అప్పుడూ రాలేదు. ఇప్పుడొచ్చి నాకు చెప్పి తేలికపడదామనా? నాకొద్దు. అబద్ధం చదివినవాళ్ళకి చెప్పుకో, పో."

ఆ ఇంగ్లీషు చదివినవాళ్ళకి మా పత్రికలో చెబుదామంటే ఎడిటర్ వేయనివ్వడు. అందుకే ఇక్కడి మన తెలుగువాళ్ళు వేసే ఈ సంచికలో రాస్తున్నాను. ఆ రోజు ఆవిడ తాళం వేసి, నేను పక్కకి తప్పుకునేదాకా ఆగి, రిక్షా ఎక్కారు. నేను గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. రిక్షా సందు చివర మలుపు తిరిగేదాకా చూశాను, ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.